మఠం గడప దాటాక ఏం చూడాలి? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

యూరప్ ప్రయాణం గురించి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పాత మఠాలు, వాటి లోగిళ్ల చుట్టూనే తిరిగాయి. ఒకే తరహా ప్రశ్నల్ని కలిపేసి జవాబులిస్తున్నాం.

ప్ర: ఇప్పటికి ఐదారు మఠాలు చూశాం. ఎక్కడికెళ్లినా ఒక చర్చి, పక్కన నలుచదరపు గడ్డి ముంగిలి, చుట్టూ స్తంభాల నడవా. పది నిమిషాల్లో ఫొటోలు తీసుకుని బయటపడుతున్నాం. మా కంటికి ఆననిది ఇంకేమైనా ఉందా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జ: అన్నీ ఒకేలా ఉండటమే మీకు కలిసొచ్చే సంగతి. ధ్వజస్తంభం, మంటపం, గర్భగుడి వరస తెలిసినవాళ్లు ఏ ఊరి గుళ్లోనూ దారి తప్పరు కదా, ఇదీ అంతే. స్విట్జర్లాండ్‌లోని సెంట్ గాలెన్ మఠంలో 820ల నాటి తోలుపత్రం ఒకటి ఉంది. మఠం ఎలా ఉండాలో దాని మీద నక్షా గీశారు: కోళ్లగూడు, మందుమొక్కల మడులు, మరుగుదొడ్లతో సహా. తర్వాతి మఠాలు చాలావరకు అదే వరసలో కట్టుకున్నవే.

ముంగిలి మూల నిలబడి ముందు చర్చి ఎటుందో చూడండి. బలిపీఠం తూర్పు కొసన ఉంటుంది కాబట్టి దిక్కులు అక్కడే తేలిపోతాయి. మామూలుగా చర్చి ముంగిలికి ఉత్తరాన ఉంటుంది. చలి దేశం గదా, ఎత్తయిన చర్చి గోడ ఉత్తరపు గాలిని ఆపితే దక్షిణపు ఎండ నడవాలో పడుతుంది. అందుకే చర్చిని ఆనుకున్న నడవాలోనే కూర్చుని చదువుకునేవారు, రాసుకునేవారు. తూర్పు నడవాలో ఒక గుమ్మం, దానికి అటూ ఇటూ తలుపుల్లేని కిటికీలు కనిపిస్తే అది చాప్టర్ హౌస్, అంటే మఠవాసులు రోజూ సమావేశమయ్యే గది. మఠవాసులు ఎలా బతకాలో సెయింట్ బెనెడిక్ట్ రాసిన నియమావళిలోంచి రోజుకో అధ్యాయం అక్కడ చదివేవారు కాబట్టి ఆ పేరు. దాని పైన పడకహాలు. అక్కడి నుంచి నేరుగా చర్చిలోకి దిగే మెట్లుంటాయి, తెల్లవారకముందు ప్రార్థనకు చలిలో ఆరుబయట నడవకుండా. చర్చికి ఎదురు వైపు భోజనశాల, దాని గుమ్మం దగ్గర చేతులు కడుక్కునే తొట్టి. పడమర వైపు కొట్లు, గిడ్డంగులు.

ఈ పటం చేతపట్టుకుని ఒక్క మఠమే చూడాలంటే ఫ్రాన్స్ బర్గండీలోని ఫోంతెనే చూడండి. 1118లో మొదలై, 1147లో చర్చి ప్రతిష్ఠ జరిగిన సిస్టర్షియన్ మఠం ఇది (బెనెడిక్ట్ నియమావళినే మరింత కఠినంగా పాటించే శాఖ వాళ్లది). రంగుటద్దాలు లేవు, బొమ్మలు లేనట్టే. పడకహాలుంది, చలికాచుకునే గది ఉంది (వంటిల్లు కాక మఠం మొత్తానికి నిప్పు ఉండేది ఆ ఒక్క గదిలోనే), వాగు పక్కన నీటిశక్తితో సుత్తులాడించిన ఇనుప కొలిమి ఉంది. పారిస్‌లో రైలెక్కితే గంట సేపట్లో మోంబార్. అక్కడి నుంచి 6 కిలోమీటర్లు టాక్సీలోనో సైకిల్ మీదో వెళ్లాలి. టాక్సీ స్టేషన్ బయట సిద్ధంగా ఉంటుందని నమ్ముకోకండి, తిరుగు ప్రయాణానిక్కూడా ముందే మాట్లాడుకోండి.

పటం తిరగబడిన చోట్లు ఇంకా బాగుంటాయి. ప్రోవాన్స్‌లోని తోరోనేలో, ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్‌లో ముంగిలి చర్చికి ఉత్తరాన ఉంది. కాస్త తీరిక చేసుకుని వెళ్లాల్సింది గ్లాస్టర్‌కే. అక్కడి నడవా పైకప్పు తాటాకు విసనకర్రలు విప్పి పక్కపక్కన పేర్చినట్టుంటుంది, అందరూ తలెత్తి చూసేది దాన్నే. మీరు తల దించి చూడండి. చర్చిని ఆనుకున్న నడవాలో చదువుకోవడానికి 20 రాతి గూళ్లు వరసగా ఉన్నాయి, ఒక్కోటి ఒక మనిషి పట్టేంత. ఎదుటి నడవాలో చేతులు కడుక్కునే పొడవాటి రాతి తొట్టి, దానికెదురుగా తువ్వాళ్లు పెట్టుకునే గూడు. రాతి అరుగుల మీద గీతలు వెతకండి. ఒకదానిలో ఒకటిగా మూడు చతురస్రాలు, వాటి మధ్య బిందువుల్ని కలిపే గీతలు. చూడగానే గుర్తుపడతారు, మన అరుగుల మీద సుద్దముక్కతో గీసి ఆడే దాడి ఆట పటమే. కొత్తగా చేరిన కుర్ర సన్యాసులు వందల ఏళ్ల కింద గీసుకున్నవి.

ఇంకో తేడా గమనించండి. నాగార్జునకొండ విహారాల్లో నడుమ మంటపం, చుట్టూ గదుల వరస చూసినవాళ్లు ఇక్కడా ఆ గదుల కోసం వెతుకుతారు. బెనెడిక్ట్ నియమావళిని అనుసరించే బెనెడిక్టైన్ల పద్ధతిలో అందరూ ఒకే హాల్లో పడుకునేవారు. మనిషికో గది కావాలంటే ఒంటరిగా గడిపే సన్యాసుల శాఖ కార్తూసియన్ల మఠానికి వెళ్లాలి. ఇటలీలోని చెర్టోజా ది పావియాలో పెద్ద లోగిలి చుట్టూ ఒక్కొక్కరికి ఒక్కో బుల్లి ఇల్లు, పెరడు, పొగగొట్టం ఉన్నాయి. గుమ్మం పక్కన గోడలో ఉన్న చిన్న కిటికీ భోజనం అందించడానికి, తెచ్చినవాళ్ల మొహం కూడా కనబడకుండా.

ప్ర: జూన్‌లో అమ్మతో (68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు) గ్రీస్ వెళ్తున్నాం. మెతియోరాలో కొండల మీది మఠాలు చూడగలమా? చీర కట్టుకుంటే రానిస్తారా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జ: చూడొచ్చు, అయితే ఏ మఠమన్నది జాగ్రత్తగా ఎంచుకోవాలి. ఒకప్పుడు అక్కడ 24 మఠాలుండేవి, ఇప్పుడు మనుషులున్నవి 6. మహా మెతియోరన్‌కు సుమారు 300 మెట్లు, వర్లామ్‌కు 200 దాకా. ముందు కిందికి దిగి మళ్లీ ఎక్కే దారి కాబట్టి మోకాళ్లకు రెండింతల పని. అమ్మగారికి సెయింట్ స్టీఫెన్ మఠం సరిపోతుంది. రోడ్డు మీంచి చిన్న వంతెన దాటితే గుమ్మమే, మెట్లు ఎక్కే పని లేదు. మఠకన్యలు నడుపుతున్నారు, పూలమొక్కలతో ముంగిలి కూడా ముచ్చటగా ఉంటుంది. మీరు మహా మెతియోరన్ ఎక్కి వచ్చేదాకా ఆమెను ఎండలో కారులో కూర్చోబెట్టకండి. పొద్దున మీరు ఎక్కి దిగండి, ఆమె కొండల కింది ఊరు కలంబాకలో విశ్రాంతి తీసుకుంటారు. సాయంత్రం ఇద్దరూ సెయింట్ స్టీఫెన్‌కు వెళ్లండి. వేసవిలో అది మధ్యాహ్నం 1.30కి మూసి 3.30కి తెరుస్తారు.

ఎక్కువమంది దెబ్బతినేది సెలవు దగ్గర. ఒక్కో మఠానికి వారంలో ఒక్కో సెలవు. వేసవిలో మహా మెతియోరన్ మంగళవారం, వర్లామ్ శుక్రవారం, సెయింట్ స్టీఫెన్ సోమవారం మూసి ఉంటాయి. బుధ, గురువారాల్లో వెళ్తే మూడూ దొరుకుతాయి. శని, ఆదివారాల్లోనూ తెరిచే ఉంటాయి గానీ ఏథెన్స్ నుంచి వచ్చే టూరు బస్సుల తాకిడి ఎక్కువ. చలికాలంలో సెలవులు ఇంకా పెరుగుతాయి, వెళ్లే ముందు రోజు మీ హోటల్లో అడిగి తేల్చుకోండి. ఏథెన్స్ నుంచి త్రికాల మీదుగా బస్సులో 5 గంటలు, అంత పైనే. ఒక్కరోజులో వెళ్లి రావడం మనుషులు చేయాల్సిన పని కాదు.

చీరకు అభ్యంతరం లేదు. భుజాలు, నడుము కప్పి ఉండాలంతే, కొంగు చుట్టూ తిప్పుకుంటే చాలు. చిక్కల్లా ప్యాంటుతోనే. ఆడవాళ్లు ప్యాంటుతో వస్తే, అది ఎంత వదులైనా, గుమ్మం దగ్గర చుట్టుకోడానికి పొడవాటి గుడ్డ ఇస్తారు. సల్వార్‌నూ ప్యాంటు కింద లెక్కేయొచ్చు. రోజుకు వందమంది కట్టి విప్పిన గుడ్డ వద్దనుకుంటే మీ సంచిలో ఒక లుంగీయో పెద్ద చున్నీయో పెట్టుకోండి. మగవాళ్లు నిక్కరుతో వెళ్తే గడప దాటనివ్వరు, మోకాళ్ల కిందికి దిగినా సరే. టికెట్టు ఏ మఠానికి ఆ మఠమే. చిన్న నోట్లు దగ్గరుంచుకోండి.

ప్ర: మేం శుద్ధ శాకాహారులం, గుడ్డు కూడా తినం. మఠాల్లో మాంసం ఉండదంటారు, నిజమేనా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జ: సగం నిజం. బెనెడిక్ట్ నియమావళి 39వ అధ్యాయంలో జబ్బుపడ్డవాళ్లకు తప్ప నాలుగుకాళ్ల జంతువుల మాంసం కూడదని ఉంది. చేపలకు, గుడ్లకు ఆ పట్టింపు లేదు, కోడి సంగతి తేల్చకుండా వదిలేశారు. ఆ పైన ఇవాళ చాలా మఠాల్లో ఆ నియమమూ సడలింది. కాబట్టి 'మఠం' అన్న మాట మీద భరోసా పెట్టుకోకండి.

గ్రీస్, బల్గేరియా వైపు మీకో మంచి ఉపాయముంది. ఆర్థడాక్స్ క్రైస్తవుల ఉపవాస దినాల్లో మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు. గ్రీస్‌లో ఏ హోటల్లోనైనా 'నిస్తీసిమో' అని అడగండి, ఆ ఉపవాస వంటకాలే తెస్తారు. నూనె, టమాటాలతో ఉడికించిన పెద్ద చిక్కుళ్లు, ద్రాక్షాకుల్లో చుట్టిన అన్నం, ఆవపిండి రంగులో ఉండే పప్పు ముద్ద 'ఫావా' మన నోటికి బాగానే పడతాయి. అయితే ఒక్క మాట. రొయ్యలు, ఆక్టోపస్ లాంటి రక్తం లేని సముద్రజీవులు వాళ్ల ఉపవాసంలో చెల్లుతాయి. 'నిస్తీసిమో' అన్నాక 'సముద్రపువి కూడా వద్దు' అని చెప్పకపోతే పళ్లెంలో రొయ్యలు రావచ్చు. ద్రాక్షాకుల చుట్టల్లో ఖైమా పెట్టే రకమూ ఉంది, అడిగి తీసుకోండి.

పోర్చుగల్ మఠాల మిఠాయిలు మీకు పనికిరావు. వాటికి ఆధారమే గుడ్డు పచ్చసొన, చక్కెర. 'తౌసీన్యో దు సేవు' అనే బాదం కేకు పేరుకు అర్థం 'స్వర్గపు పందికొవ్వు'. పాత పద్ధతిలో నిజంగానే పందికొవ్వు వేసి చేసేవారు. అక్కడి ఆకుకూర సూపు 'కాల్దు వెర్ద్'లో చివర్న ఒక సాసేజ్ ముక్క వేసి ఇస్తారు. మఠాల్లో తయారయ్యే చీజ్ సంగతి వేరే చెప్పాలి. యూరప్ సంప్రదాయ చీజ్‌లలో చాలావాటికి పాలు విరగ్గొట్టేది దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్‌తో. పర్మేసాన్ కచ్చితంగా అంతే. పట్టింపు ఉంటే చీటీ మీద రెన్నెట్ ఏ రకమో చూసి కొనండి.

ప్ర: రెండు మూడు రోజులు మఠం అతిథిగృహంలో ఉండాలని ఉంది. నేను హిందువుని. ఒప్పుకుంటారా? హోటల్‌లా ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవచ్చా?
— ఒక పాఠకుడు, బెంగళూరు

జ: మతం ఎక్కడా అడ్డు కాదు. వచ్చిన అతిథిని క్రీస్తుగా భావించి ఆదరించాలని అదే నియమావళి 53వ అధ్యాయం చెబుతుంది, బెనెడిక్టైన్లు, సిస్టర్షియన్లు ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నారు. వాళ్లకు గిట్టనిది మఠాన్ని చౌక లాడ్జిలా వాడుకోవడం. పొద్దున్నే బయటపడి ఊరంతా తిరిగి రాత్రి పదకొండుకు వచ్చి పడుకునే పనైతే హోటలే నయం.

రెండు మూడు నెలల ముందు అతిథుల బాధ్యత చూసే సోదరుడికి, అంటే అక్కడి సన్యాసికి, మెయిల్ రాయండి. ఇంగ్లిష్‌లో నాలుగు వాక్యాలు చాలు: ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎందరు, ఎందుకు వస్తున్నారు ('ప్రశాంతంగా గడపడానికి' అంటే సరిపోతుంది), ఏమి తినరు. మతం చెప్పాలనుకుంటే ఒక ముక్క చెప్పండి, దాచాల్సిన పని లేదు. జవాబుకు వారం పట్టొచ్చు. రోజూ ప్రార్థనల మధ్య దొరికిన వేళల్లో మెయిల్ చూసేవాళ్లు వాళ్లు. రెండోసారి రాసే ముందు ఓపిక పట్టండి.

సాయంత్ర ప్రార్థనకు ముందే, అంటే 5 గంటల లోపు చేరేలా రైలు చూసుకోండి. రాత్రి 8, 8.30 ప్రాంతంలో చివరి ప్రార్థన అయ్యాక తెల్లారేదాకా మౌనం, గేటు తాళం. ఆ తర్వాత వచ్చి గంట కొడితే ఒక ముసలాయన్ని నిద్రలేపినట్టే. ట్రాపిస్టు (సిస్టర్షియన్లలోనే ఇంకా కఠినమైన శాఖ) మఠాల్లో తొలి ప్రార్థన తెల్లవారుజామున 4 గంటలకు అటూ ఇటూగా ఉంటుంది. అతిథులు రావాలన్న బలవంతం లేదు గానీ గంట మాత్రం మీ చెవిలో మోగుతుంది. తువ్వాలు తీసుకెళ్లండి, దుప్పట్లు ఇస్తారో లేదో అడగండి. గదిలో మంచం, బల్ల, కుర్చీ ఉంటాయి. వైఫై మీద ఆశ పెట్టుకోకండి.

భోజనం తొందరగా సాగుతుంది. అందరూ నిలబడి ప్రార్థన చేశాక కూర్చుంటారు, చాలాచోట్ల మాటలుండవు, ఒకరు ఏదో పుస్తకం పైకి చదువుతుంటారు. రొట్టె కావాలంటే సైగ చాలు. వడ్డించుకున్నది వదిలేయడం అక్కడ బాగోదు. తిన్నాక గిన్నెలు సర్దడంలో చెయ్యి వేస్తే మీకే బాగుంటుంది. డబ్బు సంగతి వాళ్లు నోటితో చెప్పకపోవచ్చు. బల్ల మీద ఒక కవరు, పక్కన సూచించిన మొత్తం రాసిన చీటీ ఉంటాయి. ఇబ్బంది లేనివాళ్లు అంతకంటే కొంచెం ఎక్కువే పెడతారు. 'క్లోజురా' అనో 'క్లోతూర్' అనో రాసి ఉన్న తలుపు మాత్రం, తెరిచి ఉన్నా సరే, దాటకండి. అవతల వాళ్ల ఇల్లు.

ప్ర: చర్చిలో ప్రార్థన జరుగుతుంటే అందరితో పాటు లైన్లో నిలబడి ఆ తెల్లటి బిళ్ల తీసుకోవచ్చా? చెప్పులు విప్పాలా?
— ఒక పాఠకురాలు, కాకినాడ

జ: తీసుకోకూడదండీ. మనకు ప్రసాదం ఎవరు చేయి చాచినా పెడతారు కాబట్టి ఈ పొరపాటు తేలిగ్గా జరుగుతుంది. కతోలికులకు అది దివ్యసత్ప్రసాదం, సాక్షాత్తు క్రీస్తు శరీరమని వాళ్ల విశ్వాసం. బాప్తిస్మం పొంది, వాళ్ల సంఘంలో ఉన్నవాళ్లకే. అందరూ లేచి వెళ్తుంటే మీరు మీ చోటే కూర్చోండి, ఎవరూ ఏమీ అనుకోరు. తెలియక చేతిలోకి తీసుకుంటే మాత్రం సంచిలో వేసుకోవద్దు, దాచి ఇంటికి తేవద్దు, వెంటనే గురువుకు తిరిగి ఇచ్చేయండి. గ్రీకు చర్చిలో ప్రార్థన అయ్యాక బుట్టలోంచి రొట్టె ముక్కలు పంచుతారు, అది వేరు. వాళ్లే పిలిచి ఇస్తే తీసుకోవచ్చు, ముందుకెళ్లి అడగడం బాగుండదు.

చెప్పులు విప్పనక్కర్లేదు. మగవాళ్లు టోపీ తీయాలి. సెంట్ గాలెన్ గ్రంథాలయంలో మాత్రం బూట్ల మీదనే తొడుక్కునే పెద్ద పెద్ద ఉన్ని చెప్పులిస్తారు, 18వ శతాబ్దపు చెక్క నేల గీతలు పడకుండా. ఎత్తి అడుగేస్తే జారిపోతాయి. స్కేటింగ్‌లా ఈడ్చుకుంటూ నడవాలి, పిల్లలకు అదే పెద్ద ఆట. ఫొటోలు తీయొచ్చో లేదో లోపలికి వెళ్లే ముందే అడగండి. గుమ్మం పైన గ్రీకులో ఉన్న మాటకు అర్థం 'ఆత్మకు వైద్యశాల'.

ప్ర: నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్‌ట్‌లో చదువుకుంటున్నాను. బెల్జియంలోని బ్రూజ్‌లో బెగిన్‌హోఫ్‌కు (ఒకప్పుడు స్త్రీలు కలిసి బతికిన ఇళ్ల లోగిలి) మధ్యాహ్నం వెళ్తే సంతలా ఉంది. ఇలాంటి లోగిళ్లు జనం లేకుండా చూడాలంటే?
— ఒక విద్యార్థిని

జ: బ్రూజ్ తప్పు కాదు, వేళ తప్పు. పడవ షికార్లు, టూరు బృందాలు ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా. బెగిన్‌హోఫ్ గేటు పొద్దున్నే 6.30కి తెరిచి సాయంత్రం 6.30కి మూస్తారు, ప్రవేశం ఉచితం. రాత్రి బ్రూజ్‌లోనే ఉండి ఏడింటికి వెళ్లండి. తెల్లటి ఇళ్లు, మధ్యలో పొడవాటి చెట్లు, ఏ కాలువ గట్టు మీదో బాతుల అరుపు, ప్రార్థనకు వెళ్తున్న బెనెడిక్టైన్ సిస్టర్లు, అంతే ఉంటుంది. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో అయితే చెట్ల కింద పసుపు డాఫోడిల్స్.

చాలామంది దీన్ని కాన్వెంటు అనుకుంటారు. 1245లో దీన్ని పెట్టింది బెగీన్ల కోసం. వాళ్లు శాశ్వత ప్రమాణాలు చేయని స్త్రీలు. ఆస్తి తమ పేరునే ఉంచుకునేవారు, ఉన్ని పని, లేసు అల్లిక చేసుకుని తమ కూడు తామే సంపాదించుకునేవారు, పెళ్లి చేసుకోవాలనిపిస్తే వెళ్లిపోయేవారు. మగతోడు లేకుండా గౌరవంగా బతకడానికి ఆ కాలంలో అంతకంటే మంచి ఏర్పాటు మరొకటి కనబడదు. ఆఖరి బెగీన్ కోర్త్రెయిక్‌లో 2013లో కన్నుమూశారు. బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రాంతపు 13 బెగిన్‌హోఫ్‌లను 1998లో యునెస్కో జాబితాలో చేర్చారు, కోర్త్రెయిక్, లూవెన్, లియర్ వాటిలోవే. మీకు జనం వద్దు కాబట్టి లియర్‌కు ఓటేయండి.

డెల్ఫ్‌ట్ నుంచి ఇంకా దగ్గర కావాలంటే హార్లెమ్, లైడెన్. పేద వృద్ధ స్త్రీల కోసం దాతలు కట్టించిన 'హోఫ్యె' లోగిళ్లు రెండు ఊళ్లలోనూ బోలెడు. హార్లెమ్‌లోని బాకెనెస్ హోఫ్యె 1395 నాటిది. 20 మంది స్త్రీల కోసమని గేటు మీద సూటిగా రాయకుండా 'ఎనిమిది, రెండార్లు' అని పొడుపుకథలా రాశారు. గేటు తోస్తే తెరుచుకుంటుంది, సోమవారం నుంచి శనివారం దాకా 10 నుంచి 5 మధ్య వెళ్లడం పద్ధతి. ఆదివారం వద్దు. ఇప్పటికీ మనుషులు కాపురముంటున్న ఇళ్లవి. కిటికీ తెర తీసి ఉంటే లోపలికి తొంగిచూడటం, గుమ్మం మెట్టు మీద కూర్చుని ఫొటో దిగడం, ఫోన్లో స్పీకరు పెట్టి మాట్లాడటం వల్లనే ఒక్కో గేటుకు తాళం పడుతోంది. ఆమ్‌స్టర్‌డామ్ బెగిన్‌హోఫ్‌లోనూ ఆ కారణంగానే టూరు బృందాలను రానివ్వడం లేదు.

జర్మనీ వైపు వెళ్తే ఔగ్స్‌బర్గ్‌లో ఫుగ్గెరై వదలొద్దు. యాకోబ్ ఫుగ్గర్ అనే కోటీశ్వరుడు 1521లో పెట్టిన పేదల కాలనీ. ఇవాళ్టికీ ఏడాది అద్దె 88 సెంట్లు, అదనంగా రోజుకు మూడు ప్రార్థనలు. గేటు రాత్రి 10కి మూస్తారు, ఆలస్యంగా వచ్చిన వాసి 50 సెంట్లు కట్టాలి, అర్ధరాత్రి దాటితే ఒక యూరో. ఇక్కడ చేత్తో తడిమి చూడాల్సింది ఒకటుంది. ప్రతి గుమ్మం పక్కన గంట లాగే ఇనుప పిడి వేలాడుతుంది, ఏ రెండిళ్లవీ ఒక్కలా ఉండవు. ఒకటి త్రిదళం, ఒకటి పైన్ కాయ ఆకారం. వీధిదీపాలు లేని రోజుల్లో చీకట్లో తడుముకుని తన ఇల్లు పోల్చుకోవడానికని చెబుతారు. ఇళ్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి మరి.

ప్ర: ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఇళ్ల మధ్య నుంచి వెళ్లే రహస్య దారులున్నాయని వెళ్తే తలుపులన్నీ మూసే ఉన్నాయి.
— ఒక పాఠకుడు, వరంగల్

జ: త్రబూల్ అంటారు వాటిని. ఒక వీధి తలుపులోంచి దూరి లోగిళ్లు దాటి ఇంకో వీధిలో తేలడం. జనం దాటడానికి ఇళ్లవాళ్లతో నగరపాలక సంస్థ ఒప్పందం చేసుకున్నవి సుమారు 40, వాటికి మాత్రమే గుర్తు ఫలకం ఉంటుంది. తలుపు మూసి ఉన్నంత మాత్రాన తాళం వేసినట్టు కాదు, భుజంతో గట్టిగా తోయండి. కొన్నిటికి గోడ మీద చిన్న బటన్ ఉంటుంది, పోస్టుమ్యాన్ల కోసం పెట్టింది, అది పొద్దుటి పూటే పని చేస్తుంది. కాబట్టి మధ్యాహ్నం లోపు వెళ్లాలి. మొదట 54 ర్యూ సెయింట్ జాన్‌లో దూరి 27 ర్యూ ద్యు బఫ్‌లో తేలండి, పాత లియోన్‌లో అన్నిటికంటే పొడవైనది అదే. ఆ తర్వాత క్రువా రూస్ కొండ మీద పట్టు నేతగాళ్ల పేట, అక్కడ వొరాస్ లోగిలిలోని రాతి మెట్ల వరస.

ప్ర: స్పెయిన్‌లోని కోర్డోబా ఇళ్ల లోగిళ్లు మన మండువా ఇళ్లలా ఉంటాయని విన్నాం. మేలో వెళ్లొచ్చా?
— ఒక జంట, అమలాపురం

జ: మేలోనే వెళ్లాలి. మే మొదటి పక్షంలో పాతియోల పండుగ, ఇళ్లవాళ్లు తమ లోగిళ్లు తెరిచి ఉచితంగా రానిస్తారు. పోలిక నిజమే: మధ్యలో ఆకాశం, చుట్టూ గదులు, ఒక మూల బావి. తేడా ఏంటంటే మండువా వాననీళ్లు పట్టే ఏర్పాటు, పాతియో ఎండను ఆపే ఏర్పాటు. సున్నం కొట్టిన గోడకు పైదాకా వందల కుండీలు తగిలిస్తారు. అంత ఎత్తున నీళ్లెలా పోస్తారంటే, పొడవాటి రెల్లు కర్ర కొసన ఖాళీ డబ్బా కట్టి. ఒక్కో కుండీకీ అలా రోజూ. సాన్ బసీలియో పేటతో మొదలుపెట్టండి. శని, ఆదివారాల్లో క్యూ ఇంటి ముందు నుంచి వీధి మలుపు దాకా పోతుంది, మామూలు రోజున మధ్యాహ్న విరామానికి ముందే ముగించుకోండి. పండుగ రోజులు కుదరకపోతే వియానా భవనం ఉంది, ఒక్క టికెట్టుకు 12 లోగిళ్లు. జూలై, ఆగస్టుల్లో మాత్రం వద్దు, రెంటచింతల ఎండే అక్కడా.

ప్ర: మౌంట్ ఆథోస్‌కు భార్యాభర్తలం కలిసి వెళ్లొచ్చా?
— ఒక పాఠకుడు, తిరుపతి

జ: కుదరదు. గ్రీస్‌లో మఠాలకే నెలవైన ఆ ద్వీపకల్పంలో స్త్రీలకు ప్రవేశం లేదు. మగవాళ్లకైనా అనుమతి పత్రం కావాలి. రోజుకు ఆర్థడాక్సేతరులు 10 మందికే ఇస్తారు, అదీ మూడు రాత్రుల బసకు. మీ ఆవిడ ఊరనూపోలి రేవు నుంచి బయల్దేరే పడవ షికారులో తీరం వెంబడి మఠాలను నీటి మీంచి చూడొచ్చు. మీరూ ఆమెతో పాటే ఆ పడవ ఎక్కమని మా సలహా.

ప్ర: ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, బల్గేరియాలో రీలా మఠం, చివర్న గ్లాస్టర్. ఎన్ని వీసాలు కావాలి? మఠంలో బస చూపిస్తే వీసావాళ్లు ఒప్పుకుంటారా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జ: రెండు. మొదటి మూడిటికీ ఒకే షెంగెన్ వీసా (చాలా యూరప్ దేశాలకు కలిపి పనికొచ్చేది) చాలు. బల్గేరియా 2025 జనవరి 1 నుంచి పూర్తిగా అందులో చేరింది. గ్లాస్టర్ బ్రిటన్‌లో ఉంది, దానికి విడిగా. షెంగెన్ దరఖాస్తు ఎక్కువ రాత్రులు గడిపే దేశానికి పెట్టాలి. రాత్రులు సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, 15 రోజుల కంటే దగ్గర పడితే తీసుకోరు. వేసవి సీజన్‌కు అపాయింట్‌మెంటే దొరకదు కాబట్టి మార్చిలోనే కదలండి. పెద్దలకు రుసుం 90 యూరోలు, 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. వెళ్లే మార్గంలో బ్రిటన్ నుంచి మళ్లీ షెంగెన్‌లోకి వచ్చే పనుంటే రెండుసార్లు ప్రవేశించే వీసా అడగండి. ఇక్కడ తప్పు చేసినవాళ్లు లండన్ నుంచే ఇంటికి టికెట్టు మార్చుకోవాల్సి వస్తుంది.

మఠం బస చెల్లుతుంది, కాగితం సరిగా ఉంటే. 'తప్పక రండి' అన్న మెయిల్ ఒక్కటే సరిపోదు. మఠం పేరున్న కాగితం మీద మీ పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు, వచ్చే తేదీ, వెళ్లే తేదీ, చిరునామా రాసి సంతకం చేసి పంపమని అడగండి. అడిగితే విసుక్కోరు.

రీలాను సోఫియా నుంచి పగటి టూరులో చూపిస్తారు, 120 కిలోమీటర్లు. అయితే టూరు బస్సులన్నీ ఒకేసారి దిగుతాయి, ఒకేసారి వెళ్లిపోతాయి. మఠంలోనే సాదా గదులు అద్దెకిస్తారు, ఒక రాత్రి ఉండండి. 1833 మంటల్లో కాలిపోయాక కట్టిన నాలుగంతస్తుల చారల నడవాలు, వాటి మధ్య 1330ల నాటి రాతి బురుజు, సాయంత్రం అంత పెద్ద ముంగిట్లో పది మంది కూడా ఉండరు. మ్యూజియంలో రఫాయిల్ అనే సన్యాసి చెక్కిన కొయ్య శిలువ చూడటం మర్చిపోకండి. 12 ఏళ్లు పట్టింది, 600 పైచిలుకు బొమ్మలు, ఒక్కోటి బియ్యపు గింజంత. 1802లో పూర్తయ్యేనాటికి ఆయన చూపు పోయింది. పొద్దున వెనక గేటు పక్క దుకాణంలో నూనెలో వేయించిన 'మెకిత్సి' వేడివేడిగా దొరుకుతాయి, మన మైసూరు బోండా పిండిని చపాతీలా చేసి వేయించినట్టుంటాయి. పిండిలో గుడ్డు కలిపేవాళ్లూ ఉన్నారు, కాబట్టి తెనాలి పాఠకురాలు అడిగి తినాలి. కొండ చలి జూన్‌లోనూ స్వెటర్ అడుగుతుంది.